విమానాల మీద ఆర్డరు వచ్చిందంటే, ఆ కాగితం ఎలా చదవాలి?

2025 నవంబరు 28, రాత్రి బాగా పొద్దుపోయాక మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు.

"అక్కా, ఆరు వేల విమానాలు ఆపేస్తున్నారట. ఎల్లుండి సాయంత్రం నేనెక్కేది ఎయిర్‌బస్ ఏ320. టికెట్ క్యాన్సిల్ చేసుకోనా?"

నేను ఒక ఎయిర్‌లైన్‌లో, ఎయిర్‌వర్దీనెస్ విభాగంలో పదహారేళ్లు పనిచేశాను. నా చేతికి గ్రీజు అంటిన రోజు లేదు. విమానాల భద్రత మీద ప్రభుత్వ సంస్థలు పంపే కాగితాలు చదివి, అందులో ఏది మా ఏ విమానానికి వర్తిస్తుందో, పని ఎప్పటిలోగా అయిపోవాలో తేల్చి హ్యాంగర్‌కి రాసి పంపడమే నా ఉద్యోగం. అందుకే ఇలాంటి వార్త వస్తే చుట్టాలందరూ ఫోన్ చేసేది నాకే.

వాణ్ణి ఎక్కమనీ అనలేదు, మానమనీ అనలేదు. ఒక పీడీఎఫ్ పంపి "ముందు ఇది తెరువు" అన్నాను. ఇలాంటి ఆర్డర్లను ఎవరైనా ఊరికే చూసుకోవచ్చు. యూరప్ నియంత్రణ సంస్థ ఈయాసా, అమెరికా వాళ్ల ఎఫ్‌ఏఏ తమ వెబ్‌సైట్లలోనే పెట్టేస్తాయి. మన వాడిది ఈయాసా కాగితం, నంబరు 2025-0268-ఇ. చివరున్న ఆ ఇ అక్షరం ఎమర్జెన్సీ అని చెప్పడానికి. ఎఫ్‌ఏఏ వాళ్ల పద్ధతి వేరు. 2024-02-51 లాగా చివర 51 గానీ ఆపై సంఖ్య గానీ ఉంటే అది ఎమర్జెన్సీ. మా ఆఫీసులో ఆ 51ని చూడగానే కుర్చీలు కదిలేవి.

ఆ రాత్రి వాడితో ఎలా చదివించానో అదే వరసలో రాస్తున్నాను.

అది ఆర్డరా, సలహానా?

వార్తల్లో అన్నిటినీ "ఆదేశాలు" అనే రాస్తారు. కానీ ఈ కాగితాల్లో చట్టబలం ఉన్నవి కొన్నే. ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్, మేం ఏడీ అనేది, ఖచ్చితమైన ఆర్డరు. అందులో చెప్పింది చెయ్యకుండా ఆ విమానాన్ని నడపడం చట్టవిరుద్ధం. సర్వీస్ బులెటిన్ అనేది విమానం తయారు చేసిన కంపెనీ రాసేది. ఏదైనా ఏడీ దాన్ని చెయ్యమని చెప్పేదాకా అది సలహా కిందే లెక్క. ఇక సమాచార బులెటిన్లు ఉంటాయి. ఈయాసాలో ఎస్‌ఐబీ అంటారు, ఎఫ్‌ఏఏలో ఎస్‌ఏఐబీ అంటారు. ఎయిర్‌లైన్లకు పంపే సేఫో అనే హెచ్చరికలు ఇంకో రకం. ఇవన్నీ "చేస్తే మంచిది" అని చెప్పేవి.

శీర్షిక చూసి తేలకపోతే క్రియాపదం చూడండి. ఇంగ్లిష్‌లో షల్, మస్ట్ అని ఉంటే తప్పనిసరి. షుడ్ అని ఉంటే సిఫారసు. 1944లో షికాగోలో కుదిరిన ఒప్పందం నుంచి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో రాసుకుంటూ వస్తున్న 19 అనుబంధాల్లో కూడా ఇదే తేడా: స్టాండర్డ్‌కి షల్, రికమెండెడ్ ప్రాక్టీస్‌కి షుడ్. మాకు ట్రైనింగ్ ఇచ్చినాయన ఈ రెండు మాటల్నీ రెండు రంగుల పెన్నులతో గుర్తు పెట్టించేవారు. చిన్నపిల్లల పనిలా అనిపించేది. పదహారేళ్లూ అలాగే పెట్టాను.

సలహా కాగితమే కదా అని పక్కన పెట్టొద్దు. 2018 డిసెంబరు 17న ఎఫ్‌ఏఏ ఒక ఎస్‌ఏఐబీ విడుదల చేసింది, నంబరు ఎన్ఎమ్-18-33. కాక్‌పిట్‌లో ఇంజిన్‌కి ఇంధనం వదిలే, ఆపే స్విచ్‌ల గురించి. ఆ స్విచ్‌ని కాస్త పైకి ఎత్తి జరిపితే తప్ప కదలకూడదు. చెయ్యి తగిలి పొరపాటున కదలకుండా లోపల ఒక లాకింగ్ ఏర్పాటు ఉంటుంది. కొన్ని బోయింగ్ 737లలో ఆ లాకింగ్ పని చెయ్యకుండానే స్విచ్‌లు బిగించారని ఫిర్యాదులు వచ్చాయి. అదే తరహా స్విచ్‌లున్న మోడళ్ల జాబితా ఇచ్చారు, అందులో 787 కూడా ఉంది. ఒకసారి చూసుకోండి, లాకింగ్ లేకపోతే మార్చండి అన్నారు. అయితే ఏడీ ఇచ్చేంత ప్రమాదకర పరిస్థితి కాదనీ అదే కాగితంలో రాశారు.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో 787 కూలిపోయింది. జులై 12న బయటికి వచ్చిన ప్రాథమిక నివేదిక ఈ పాత ఎస్‌ఏఐబీని గుర్తు చేసింది. అది సలహా మాత్రమే కాబట్టి ఆ తనిఖీలు చెయ్యలేదని ఎయిర్‌లైన్ చెప్పినట్టు అందులో ఉంది. ప్రమాదానికి ఆ లాకింగే కారణమని నివేదిక అనలేదు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఆ వారమంతా నాకు వచ్చిన ఫార్వర్డ్‌లు సగం, తనిఖీ జరగలేదన్న మాటనూ ప్రమాద కారణాన్నీ ఒకటిగా అతికించినవే. ఇంకో సంగతి. జులై 14న భారత విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అదే ఎస్‌ఏఐబీని పట్టుకుని, జులై 21 లోగా తనిఖీ పూర్తి చెయ్యాలని ఆర్డరు వేసింది. అంటే ఆరున్నరేళ్లు సలహాగా ఉన్న కాగితం ఒక దేశంలో ఒక్క రోజులో తప్పనిసరి అయింది. అందుకే ఒక కాగితం సలహాయా ఆర్డరా అని అడిగేటప్పుడు "ఏ దేశంలో రిజిస్టరైన విమానానికి?" అని కూడా అడగాలి. విమానం డిజైన్ చేసిన దేశం ఏడీ ఇస్తుంది. రిజిస్టర్ చేసుకున్న దేశం దాన్ని అలాగే తీసుకోవచ్చు, పరిశీలించి తన ఆర్డరు తాను వేసుకోవచ్చు.

ఎవరికి వర్తిస్తుంది?

ఈయాసా ఏడీలో అప్లికబిలిటీ అని ఒక భాగం, ఎఫ్‌ఏఏ దాంట్లో సి అనే పేరా. విమానం మోడల్ పేరుతో ఆగిపోతే చదవనట్టే. దాని కింద "ఫలానా భాగం బిగించి ఉన్నవి", "ఫలానా సీరియల్ నంబర్లవి" అని ఇంకో రెండు ముక్కలుంటాయి. అసలు కథ అక్కడుంటుంది.

2024 జనవరి 5న ఒక 737-9 గాల్లో ఉండగా గోడలోంచి డోర్ ప్లగ్ ఊడి ఎగిరిపోయింది. డోర్ ప్లగ్ అంటే, తలుపు అవసరం లేని చోట తలుపు పట్టే కన్నాన్ని మూసేసే పలక. దాన్ని పట్టి ఉంచాల్సిన నాలుగు బోల్టులు బిగించనే లేదని దర్యాప్తులో తేలింది. మర్నాడే ఎఫ్‌ఏఏ ఇచ్చిన ఎమర్జెన్సీ ఏడీ, పైన నేను చెప్పిన 2024-02-51, సుమారు 171 విమానాలను ఆపేసింది. 737-9లన్నిటినీ కాదు. ఆ ప్లగ్ ఉన్నవాటినే. సీట్లు ఎక్కువ పెట్టుకున్న ఎయిర్‌లైన్లకు అదే చోట నిజమైన ఎమర్జెన్సీ తలుపు ఉంటుంది, వాటి జోలికి ఆ ఏడీ పోలేదు. టీవీలో మాత్రం ఏ 737 కనిపించినా అదే అన్నారు.

మా వాడి కాగితంలోనూ అంతే. ఏ320 కుటుంబం పేర్లన్నీ వరసగా ఉన్నాయి. కానీ పట్టుకోవాల్సిన ముక్క "ఎఫెక్టెడ్ ఎలాక్". ఎలాక్ అంటే పైలట్ చేతిలోని సైడ్‌స్టిక్ కదలికను, తోక దగ్గరి ఎలివేటర్లు, రెక్కల చివర ఐలరాన్లు అనే కదిలే పలకలకు ఆజ్ఞగా మార్చి పంపే కంప్యూటర్. ఎలాక్-బి రకంలో ఎల్104 అనే సాఫ్ట్‌వేర్ ఉంటేనే సమస్య. అంతకుముందు వెర్షన్ ఎల్103+ ఉంటే పరవాలేదు.

"అయితే నా విమానంలో ఏముందో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. తెలియదు. ప్రయాణికులకు అది కనిపించే చోటు లేదు. తోక దగ్గర రాసి ఉండే రిజిస్ట్రేషన్ అక్షరాలను బట్టి మోడలూ, తయారీ సీరియల్ నంబరూ వెతుక్కోవచ్చు, అంతవరకే. ఏ కంప్యూటర్‌లో ఏ వెర్షన్ ఉందన్నది ఎయిర్‌లైన్ రికార్డుల్లో ఉంటుంది. ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. మన విమానం లిస్టులో ఉందా అని వెతుకుతూ కూర్చుంటారు. దానికన్నా గడువు చదివితే ఎక్కువ తెలుస్తుంది.

గడువు: అసలు పరీక్ష ఇదే

రిక్వైర్డ్ యాక్షన్స్ అండ్ కంప్లయెన్స్ టైమ్స్ అనే భాగానికి రండి. ఆర్డరు ఇచ్చినవాళ్లు ఎంత కంగారు పడుతున్నారో ఇక్కడ తెలుస్తుంది, మిగతా భాషంతా ఎప్పుడూ ఒకేలా చప్పగా ఉంటుంది.

"తర్వాతి ఫ్లైట్‌కి ముందు" అని ఉంటే పని అయ్యేదాకా విమానం ఎగరకూడదు. "10 రోజుల్లో" అని ఉంటే సీరియస్, కానీ ఈ రోజు ఎగరొచ్చు. "36 నెలల్లో" అంటే పెద్ద తనిఖీకి హ్యాంగర్‌కి వచ్చినప్పుడు చూసుకుంటారు. మూడింటికీ వార్తలో ఒకటే హెడ్డింగు పడుతుంది.

ఏ320 కాగితంలో ఉన్నది మొదటి రకం. అమల్లోకి వచ్చేది నవంబరు 29, 23:59 యూటీసీ. యూటీసీ అన్నది మరిచిపోవద్దు, మీ గోడ గడియారంలో అప్పటికి తేదీ మారిపోయి ఉండొచ్చు. ఆ క్షణం తర్వాత ఎగరబోయే ఏ ఫ్లైట్‌కైనా ముందే కంప్యూటర్ సరిచెయ్యాలి. ఒక్క వెసులుబాటు ఉంది: రిపేరు చేసే చోటికి తీసుకెళ్లడానికి మూడు ఫ్లైట్ సైకిల్స్ (ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్ కలిస్తే ఒక సైకిల్) వరకు నడపొచ్చు, ప్రయాణికులు లేకుండా. ఆ ముక్క వాడితో రెండుసార్లు చదివించాను. "అంటే ఎల్లుండి సాయంత్రం నేను ఎక్కిన విమానం...?" అని ఆగాడు. అవును. అప్పటికి సరిచేసినదైనా అయ్యుండాలి, అసలు ఆ సమస్య లేనిదైనా అయ్యుండాలి. మూడో రకం నిన్ను ఎక్కించుకోకూడదు. ఆలస్యం అవుతుందేమో, క్యాన్సిల్ అవుతుందేమో, వాటికి సిద్ధపడు అన్నాను.

అయినా అదేం ఘోరమైన రిపేరు కాదు. చాలా విమానాలకు వెనకటి సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కిస్తే సరిపోయింది, గంటల పని. కొన్ని పాతవాటికే పెట్టె మార్చాల్సి వచ్చింది. డిసెంబరు 1 నాటికి ఆ ఆరు వేలలో వందకన్నా తక్కువే మిగిలాయని ఎయిర్‌బస్ చెప్పింది.

గడువు దగ్గర నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. ఒక ఏడీలో తనిఖీకి 750 ఫ్లైట్ సైకిల్స్ లేదా 6 నెలలు, ఏది ముందైతే అది అని ఉంది. మా విమానాలు రోజుకి ఆరేడు సైకిల్స్ తిరిగేవి, కాబట్టి 750 ఎలాగూ ముందొస్తుందని ట్రాకింగ్ ప్రోగ్రామ్‌లో సైకిల్స్ గడి నింపి, నెలల గడి ఖాళీగా వదిలేశాను. వాటిలో ఒక విమానానికి ఇంజిన్ దొరక్క నెలల తరబడి ఆపి ఉంచారు. సైకిల్స్ కదలవు కదా, స్క్రీన్ మీద దాని వరస ఆకుపచ్చగానే, అంటే గడువు దూరంగానే ఉందని చూపిస్తోంది. కొత్త ఇంజిన్ వచ్చి అది మళ్లీ ఎగరడం మొదలుపెట్టాక పక్క సీటు సీనియర్ ఎందుకో పాత ప్రింటు తీసి చూసి, "ఇదేంటమ్మా, ఇంత ఆకుపచ్చగా ఉంది?" అన్నారు. ఆరు నెలల గడువుకి ఇంకా పదకొండు రోజులుంది. తనిఖీ అయిపోయింది, పగుళ్లేమీ దొరకలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి గడువు వాక్యాన్ని బయటికి చదువుతాను. మీరు కూడా మూడు చూడండి. లెక్క దేంతో: రోజులా, గంటలా, సైకిల్సా? ఎక్కడి నుంచి: ఏడీ అమల్లోకి వచ్చిన రోజు నుంచా, క్రితం తనిఖీ నుంచా, విమానం కొత్తగా పుట్టినప్పటి నుంచా? రెండు లెక్కలుంటే ఏది ముందైతే అదా, ఏది తర్వాతైతే అదా? 18,000 సైకిల్స్ తిరిగిన విమానానికి "అమలు తేదీ నుంచి 500" అంటే 18,500 వరకు టైముంది. అదే "కొత్తప్పటి నుంచి 15,000" అంటే గడువు ఎప్పుడో దాటిపోయింది. అలాంటివాటికి గ్రేస్ పీరియడ్ అని కింద ఇంకో వాక్యం ఉంటుంది, అది దొరికేదాకా చదవడం ఆపొద్దు.

కారణం ఏం రాశారు, ఏం రాయలేదు

రీజన్ అనే పేరా చిన్నదే. మా వాడి కాగితంలో ఉన్నదిది: ఈమధ్య ఒక ఏ320, ఆటోపైలట్ మీద ఉండగా, ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండానే కాసేపు ముక్కు దించింది, ఎలాక్ లోపం కారణం కావచ్చు. తీవ్రమైన సౌర వికిరణం వల్ల కంప్యూటర్‌లో డేటా చెడిపోవచ్చన్న సంగతి ఎయిర్‌బస్ విడిగా చెప్పింది. కాగితంలో "మే", "కుడ్" లాంటి మాటలు ఎక్కువుంటే దర్యాప్తు ఇంకా నడుస్తోందని అర్థం. ఇంటెరిమ్ యాక్షన్ అని కనబడితే ఇది తాత్కాలికం, ఇంకో ఏడీ వెనకాలే వస్తుంది.

తప్పనిసరి ఆర్డరు వచ్చింది కాబట్టి సమస్య తీరిపోయిందనీ అనుకోకూడదు. 2018 అక్టోబరు 29న ఇండోనేషియాలో 737 మ్యాక్స్ కూలింది. నవంబరు 7న ఎఫ్‌ఏఏ 2018-23-51 ఇచ్చింది. మూడు రోజుల్లో ఫ్లైట్ మాన్యువల్ మార్చాలని, ముక్కు తనంతట తాను పదే పదే కిందికి దిగుతుంటే పైలట్లు ఏం చెయ్యాలో అందులో పెట్టాలని. ఆ పని చేయిస్తున్న వ్యవస్థ పేరు ఎమ్‌కాస్ అని ఆ కాగితంలో ఎక్కడా లేదు. నాలుగు నెలలకు, 2019 మార్చి 10న ఇథియోపియాలో రెండో మ్యాక్స్ కూలింది. రెండింట్లో కలిపి 346 మంది పోయారు. అందుకే రీజన్ పేరా చదివాక నన్ను నేను అడుగుతాను: ఇక్కడ చెప్పిన పని లోపాన్ని తీసేస్తోందా, లోపం ఉండగానే దాంతో ఎలా నెగ్గుకురావాలో నేర్పుతోందా? రెండోది అయితే ఆ ఫైలు నేను మూసేదాన్ని కాదు.

సిఫారసు ఆర్డరు కాదు

ప్రమాదాల దర్యాప్తు సంస్థలు ఆర్డర్లు వెయ్యలేవు, సిఫారసు చెయ్యగలవు. అందుకున్నవాళ్లు 90 రోజుల్లో జవాబివ్వాలి, అంతే. కాక్‌పిట్‌లోని మాటలను రికార్డు చేసే వాయిస్ రికార్డర్ 25 గంటలవి దాచాలని అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2018లో సిఫారసు చేసింది. యూరప్‌లో కొత్తగా తయారయ్యే పెద్ద విమానాలకు ఆ నియమం వచ్చింది. అమెరికాలో రెండు గంటలే నడిచింది. డోర్ ప్లగ్ ఊడిన విమానం క్షేమంగా దిగింది, కానీ రికార్డర్‌ని ఆపడం ఆలస్యమై ఆ మాటల మీద కొత్త మాటలు రికార్డయిపోయాయి. 2024 మే 16న సంతకమైన చట్టంతో గానీ 25 గంటల నియమం అక్కడ ఖాయం కాలేదు.

చదవడం మొదలుపెట్టే ముందే చెయ్యాల్సిన పని ఒకటుంది, ఇక్కడ చెబుతున్నాను: సూపర్‌సీడర్ అనే గడి చూడండి. ఈ ఏడీ దేన్ని రద్దు చేసిందో అందులో ఉంటుంది. దీన్నే ఇంకొకటి రద్దు చేసి ఉండొచ్చు కూడా, అది వెబ్‌సైట్‌లో నంబరు కొడితే తేలుతుంది. వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌లు తరచూ చచ్చిపోయిన ఏడీలే.

మీరు స్వయంగా పాటించే నియమం

మా వాడు 30న వెళ్లాడు. రెండు గంటలు లేటుగా. ఎయిర్‌పోర్ట్ నుంచి ఫోటో పంపాడు, విమానం ఫోటో కాదు, వాడి పవర్ బ్యాంక్‌ది. "అక్కా, దీనికీ ఏడీ ఉందా?"

ఏడీ లేదు, నియమం ఉంది. పవర్ బ్యాంక్‌ని చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి సంచిలోనే. 100 వాట్ అవర్స్ లోపు అయితే సాధారణంగా ఒప్పుకుంటారు, 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతి తీసుకోవాలి, 160 పైన అయితే కుదరదు. దాని మీద ఎమ్ఏహెచ్ మాత్రమే ఉంటే, ఆ అంకెని బ్యాటరీ వోల్టేజీతో గుణించి వెయ్యితో భాగించండి. 20,000 ఎమ్ఏహెచ్, 3.7 వోల్టులు అంటే 74 వాట్ అవర్స్. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలో గిమ్‌హే ఎయిర్‌పోర్ట్‌లో, టేకాఫ్‌కి ముందు ఒక ఏ321 పైఅరలోంచి మంటలు లేచాయి. అందరూ బయటపడ్డారు. మార్చి 1 నుంచి ఆ దేశం పవర్ బ్యాంకులను పైఅరల్లో పెట్టొద్దంది, మనిషి దగ్గరే ఉండాలంది, టెర్మినల్స్ షార్ట్ కాకుండా టేప్ వెయ్యడమో కవర్లో పెట్టడమో చెయ్యమంది. కళ్లెదుట ఉంటే పొగ మొదట్లోనే కనబడుతుంది, పైఅరలో అయితే మంట అయ్యాక కనబడుతుంది. వేరే ఎయిర్‌లైన్ల నియమాలు ఇంకా కఠినంగా ఉండొచ్చు. ఎక్కబోయే ఎయిర్‌లైన్ పేజీ అదే రోజు చూసుకోవాలి.

ఫోటో జూమ్ చేశాను. వెనకాల అంకెలన్నీ అరిగిపోయి, "మేడ్ ఇన్" అన్న రెండు మాటలే మిగిలాయి. పైగా ఒక పక్క కొద్దిగా ఉబ్బింది. అది తీసుకెళ్లొద్దు, సిబ్బందికి చూపించి అక్కడే ఇచ్చెయ్ అన్నాను. "కొత్తదే అక్కా, మూడేళ్లే అయింది" అన్నాడు.